నా మీదుగా పోయిన బాణాలు

మార్కాపురం కాలేజీలో నేను చెప్పే సబ్జెక్టుకు సిలబస్‌లో పెద్ద పేరే ఉంది గానీ, నా లెక్కలో అదంతా ఎవరు ఎవరిని ఏం అడిగినారనే పంచాయితీ. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో పనంతా ఒకరే చేయరు. తలా ఒక పని పంచుకొని కొందరుంటారు, వాళ్ళను ఆబ్జెక్టులంటాం. ఒకరి లోపల ఏముందో ఇంకొకరికి తెలియదు, తెలియకూడదు కూడా. కావాల్సింది అడగాల, అవతలివాళ్ళు జవాబియ్యాల. ఇంత చిన్న సంగతి పిల్లోళ్ళ బుర్రకెక్కించేదానికి ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నాను.

కోడ్ చదివితే ఎవరి ముక్క వాళ్ళదిగానే కనపడుతుంది. ఎవరి మాట ఎవరి దగ్గరికి పోయి, ఎట్ల తిరిగొచ్చిందో కంటికి ఆనదు. అందుకే బొమ్మ గీస్తాం. పైన వరసగా డబ్బాలు, ఒక్కో డబ్బా కింద నిలువుగా ఒక గీత, ఆ గీతల మధ్య అడ్డంగా బాణాలు. అడిగిన మాటకు నిండు గీత, వచ్చిన జవాబుకు చుక్కల గీత. పైనుంచి కిందికి చూసుకుంటా పోతే ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అంతా తెలిసిపోతుంది. మా పిల్లోళ్ళు దాన్ని స్కేలు పెట్టి, రంగు పెన్నులతో ఎంత ముద్దుగా గీస్తారో చెప్పలేను. ఈ బాణం ఇటెందుకు పోయింది నాయనా అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. "టెక్స్ట్‌బుక్‌లో అట్లనే ఉంది మేడం." అబ్బ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మళ్ళీ మొదటికొచ్చి, ఫ్యాన్ల గోల మించి అరిచి చెప్పేదాన్ని. క్లాసు పొడుగు, మైకు లేదు, వెనక బెంచీలో ఉన్నోడికి వినపడాల గదా.

అరిచి అరిచి సాయంత్రం బస్సెక్కి బేస్తవారిపేటలో ఇంటికొస్తే అక్కడ ఇంకో డ్యూటీ.

ఇంట్లో మేం ముగ్గురమే. మా మామ, మా ఆయన, నేను. మా అత్త పోయి చానా కాలమైంది. మా మామకు జీవాలంటే ప్రాణం. గొర్రెల్ని, మేకల్ని మొహం చూసి ఇది ఫలానాదాని బిడ్డ అని చెప్పేవాడు. మోకాళ్ళు పట్టేసినాక కూడా కట్టె పట్టుకొని దొడ్డి చుట్టూ తిరిగేవాడు. మేపేదానికి మనిషి దొరకడం కష్టమైపోయింది. ఒకనాడు ఆయన కనిగిరికి పెండ్లికి పోతే, మా ఆయన బేరగాణ్ణి పిలిచి మందంతా అమ్మేసినాడు. అమ్మక తప్పదని మా మామకూ తెలుసు. ఆయన బాధ అది కాదు. ఖాళీ దొడ్డి ముందర నిలబడి, "నాకు ఒక్క మాట చెప్పినావంట్రా?" అని అడిగినాడు. మా ఆయన తల వంచుకొని లోపలికి పోయినాడు. అంతే, తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయినాయి.

మాటలు ఆగినాయి గానీ పనులు ఆగవు గదా. మూడు గదుల ఇల్లు, ఒకటే అరుగు, ఒకటే మిర్చి తోట. అందుకని మధ్యన నన్ను పెట్టుకున్నారు.

"అమ్మాయ్, రేపు కరెంటు పొద్దున్నే ఇస్తారంట, వానికి చెప్పు" అంటాడు మా మామ. వాడు, అంటే మా ఆయన, అదే అరుగు మీద మూరెడు దూరంలో కూర్చొని బొరుగులు తింటాంటాడు. విన్నాడు. విన్నట్టు ఒప్పుకోడు. నేను మళ్ళీ చెప్పాల. "రేపు పొద్దున్నే కరెంటంట." అప్పుడు తలెత్తి, "మోటారు నేనే ఏస్తాలే, చెప్పు" అంటాడు. నేను ఇటు తిరిగి, "మామా, మోటారు ఆయనే ఏస్తాడంట." మా మామ అప్పుడు "ఊఁ" అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది. ఇరుగుపొరుగు కూడా నవ్వేవాళ్ళు. రాను రాను నవ్వుపోయి విసుగొచ్చింది, విసుగు కూడా పోయి అలవాటైంది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, తలుపు గడి వెయ్యలేదన్నా, ఎవరో చచ్చిపోయినారన్నా నా నోటి మీదుగానే పోవాల. ప్రతి మాటా నాకు రెండు మాటలు.

గొంతు బొంగురు పోవడం మొదలైతే సుద్దపొడి అనుకున్నాను. మిరియాల పాలు తాగినాను, తులసాకు నమిలినాను. ఒకరోజు క్లాసు మధ్యలో, బోర్డు వైపు తిరిగి "ఈ ఆబ్జెక్టు" అన్నానో లేదో, ఆ తర్వాతి మాట బయటికి రాలేదు. గాలి వచ్చింది, మాట రాలేదు. పిల్లోళ్ళు నవ్వబోయి ఆగిపోయినారు.

మా ఆయన ఒంగోలు తీసకపోయినాడు. గొంతులోకి గొట్టం పెట్టి చూసిన డాక్టరమ్మ కొంచెం కోపంగానే మాట్లాడింది. గొంతు తీగల మీద బొడిపెలు వచ్చినాయంట. "పూర్తిగా మౌనం. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చేటు. ఇప్పుడు కాపాడుకోకపోతే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. చేసినా ఈ గొంతు తిరిగొస్తుందని నేను మాటివ్వలేను" అనింది. ఏం పని చేస్తావని అడిగి, లెక్చరర్ అని మా ఆయన చెప్తే, తల అడ్డంగా ఊపింది. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయినాను. నోరు లేని లెక్చరర్‌ను ఏ కాలేజీ ఉంచుకుంటుంది? నాకు వచ్చిన పని అదొక్కటే. ఆ గొంతు మీదనే బతుకుతున్నానని అంతవరకూ ఎప్పుడూ ఆలోచించలేదు.

మా హెచ్.ఓ.డి. సారు మంచాయనే. నా కాగితం చదివి, "ఈ యూనిట్ అయ్యేదాకా ఎట్లనో నెట్టుకురండి మేడం. గొంతొస్తే సరే, లేకపోతే తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. నా ఉద్యోగం కోసం దరఖాస్తులు పట్టుకొని, అప్పుడే చదువైపోయిన చిన్నపిల్లలు ఎంతమంది రావడం లేదు?

పలకలు తయారయ్యే ఊరు మార్కాపురం, అక్కడ పలకలకు కొదవేముంది. స్టాఫ్ రూములో బీరువా వెనక ఎప్పటివో పడి ఉంటే దుమ్ము దులిపి నేనొకటి తీసుకున్నాను. తక్కినవి క్లాసుకు పట్టకపోయి, దారం కట్టి పిల్లోళ్ళ మెడలో వేసినాను. నేను చెప్పలేను, వాళ్ళే చేసి చూపించాల. అదీ నా ఎత్తు. ఒక హోటల్ అనుకోమన్నాను. తినే మనిషి, సర్వరు, వంటాయన, గల్లాపెట్టె, తలా ఒక పలక, పలక మీద పేరు. చేతిలో సుద్దముక్క ఉన్నోళ్ళే మాట్లాడాల. ఎవరినన్నా ఏమన్నా అడగాలంటే వాళ్ళ దగ్గరికి నడిచి పోయి, సుద్దముక్క చేతికిచ్చి అడగాల. వాళ్ళు జవాబుతో పాటు సుద్దముక్క వెనక్కియ్యాల. తక్కినోళ్ళు ఆ నడకను నేల మీద గీసుకుంటా రావాల. ఇదంతా బోర్డు మీద రాసేసరికి నా చెయ్యి పడిపోయింది.

మొదటి రోజు రచ్చ రచ్చ. ఎవరూ ఏమీ అడక్కుండానే వంటాయన, "మేడం, ఉప్మా అయిపోయింది, దోసె చెప్పుకోమనండి" అని అరిచినాడు. గల్లాపెట్టె లేచొచ్చి, "ఒరే మామా, నువ్వు తిన్రా, బిల్లు నేను చూసుకుంటా" అని తినేవాడి భుజం మీద చెయ్యేసినాడు. ఇద్దరూ ఒకే రూములో ఉంటారంట. నేను పలక మీద "అడగకుండా చెప్పొద్దు" అని పెద్దగా రాసి ఎత్తి చూపించినాను. వెనకనుంచి ఒకడు, "మన ఊళ్ళల్లో అడగకుండానే చెప్తారు మేడం" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వుకూ భయమే, గొంతు కదులుతుందేమోనని.

నాలుగు రోజులు పోయేసరికి దారికొచ్చినారు. ఎవరు ఎవరిని అడుగుతున్నారో కంటికి కనపడేసరికి, బాణం ఇటెందుకు పోయిందో వాళ్ళే కొట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళు అరిచి చెప్తే రానిది, నోరు మూసుకుంటే వచ్చింది. సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆ వారమే, సర్వరు పలక వేసుకున్న పిల్ల, రాచర్లనుంచి వచ్చే పిల్ల, ఉన్నట్టుండి నేల మీద కూలబడింది. తినేవాడు ఏమడగాలన్నా ఆ పిల్ల దగ్గరికే, వంటాయనకు సరుకు కావాలన్నా ఆ పిల్ల ద్వారానే, గల్లాపెట్టెకు లెక్క అందాలన్నా ఆ పిల్లే తిరగాల. తక్కినోళ్ళు కుర్చీల్లో కూర్చోనుండారు.

"నా వల్ల కాదు మేడం. కాళ్ళు పోతాండాయి" అనింది. "ఆ వంటాయన, ఆ గల్లాపెట్టె ఆయన పక్కపక్కనే కూర్చోనుండారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే వాళ్ళ సొమ్మేం పోతాది? ఇంతమంది నన్ను పిలుస్తాండారు గానీ ఒక్కరన్నా నాకని ఏమీ చెప్పట్లా."

అందరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. నేల మీద ఆ పిల్లోళ్ళు గీసిన బొమ్మ చూసినాను. గీతలన్నీ ఆ పిల్ల నిలబడిన చోట కలుసుకొని, అక్కడనుంచి మళ్ళీ పక్కకు పోతున్నాయి. నేను బోర్డు దగ్గరికి పోయి పాఠంలో రాయాల్సిందే రాసినాను. అన్ని మాటలూ ఒకే ఆబ్జెక్టు మీదుగా పోతుంటే ఆ డిజైన్ మంచిది కాదు, ఆ ఒక్కటి ఆగిపోతే ప్రోగ్రామంతా ఆగిపోతుంది, ఒకరికొకరు తెలిసేటట్టు మార్చుకోవాల. రాసి, చేతులు దులుపుకొని కూర్చున్నాను. తర్వాత ఆ పీరియడ్‌లో ఏం జరిగిందో నాకు గుర్తు లేదు.

ఇంటి సంగతి చెప్పాల. ఒంగోలునుంచి వచ్చిననాడే మా మామకు కాగితం మీద "గొంతు బాగలేదు, మాట్లాడకూడదంట" అని రాసి చూపించినాను. ఆయన చదివి, "ఊఁ" అని మొహం అటు తిప్పుకున్నాడు. బహుశా జలుబనుకున్నాడేమోలే అనుకున్నాను. ఆ రోజునుంచి ఆయన నాతో కూడా ముభావంగా ఉన్నాడు. పని చెప్పడం మాత్రం మానలేదు. "పైపులు సర్దమని వానికి చెప్పు" అని నా వైపు చూడకుండా అనేవాడు. మా ఆయన విని, నా మొహంలోకి చూస్తా నిలబడేవాడు. నేను రాసి చూపిస్తే గానీ కదిలేవాడు కాదు. వంట చేసుకుంటా, పిండి చేతులతో పలక వెతుక్కొని, అప్పుడే ఇద్దరూ చెవులారా విన్న మాటను మళ్ళీ రాయాల. నా ఖర్మ కాకపోతే ఏంది?

రాచర్ల పిల్ల కూలబడిననాటి సాయంత్రం బస్సులో కూర్చొని నా పలక మీద మా ఇల్లు గీసినాను. మూడు డబ్బాలు. మామ, నేను, ఆయన. కింద మూడు గీతలు. ఆ ఒక్క రోజు పొద్దున లేచినప్పటినుంచి జరిగిన మాటలన్నీ బాణాలుగా వేసినాను. కరెంటు, కాఫీలో చక్కెర, ఎరువు బస్తా, తలుపు గడి. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. పలక నిండిపోయింది. చూసుకుంటే నా గీత దగ్గర ఆగిన బాణం ఒక్కటీ లేదు. అన్నీ నా మీదుగా పోయేవే. తిన్నావా అని ఒక బాణం లేదు. నొప్పి తగ్గిందా అని ఒకటి లేదు. కంభం చెరువు గాలి కిటికీలోంచి కొడుతున్నా నాకు ఉక్కపోసింది. ఏడుపొచ్చింది. ఏడవాలన్నా గొంతుకు చేటని మింగినాను.

ఇంటికొచ్చి ఆ పలకను అరుగు మీద స్తంభానికి తగిలించినాను. చూడండి, మీ కళ్ళతో మీరే చూడండి అన్నట్టు. మా ఆయన దాని ముందర నిలబడి తల గోక్కొని లోపలికి పోయినాడు. మా మామ పలక దగ్గరికి పోయి, కళ్ళజోడు సర్దుకొని, చానాసేపు చూసినాడు. అర్థమైందేమో అనుకున్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, పలకను శుభ్రంగా తుడిచినాడు. సుద్దముక్క అందుకొని, వంకర అక్షరాలతో ఏదో రాసి నా చేతికిచ్చినాడు. "తోటలో పైపు పగిలింది. నీళ్ళు పోతాండాయి. వానికి చెప్పు."

మా ఆయన గడపలో నిలబడి చూస్తాండాడు. నేను చూపిస్తానని.

నాకు ఏమైందో తెలియదు. ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా పైకొచ్చింది. డాక్టరమ్మ చెప్పిందంతా మర్చిపోయి, పలకను నేలకేసి కొట్టి, నోరు తెరిచి అరిచినాను. మీరే చెప్పుకోండి, మీ ఇద్దరికీ నోళ్ళు లేవా అని అరిచినాననుకున్నాను. శబ్దం రాలేదు. గొంతులో ఏదో చిరిగినట్టయింది, నోరంతా ఉప్పగా తగిలింది. నోరు తెరుచుకొని, చేతులు ఊపుకుంటా, మాట లేకుండా నిలబడినాను.

మా మామ నన్ను చూసినాడు.

"ఒరేయ్!" అన్నాడు. పిలిచింది నన్ను కాదు. "ఒరేయ్, చూస్తా నిలబడినావేందిరా? ఈ పిల్లకు గొంతు ఏమైందిరా?"

మా ఆయన ఒక్క క్షణం నా వైపే చూసినాడు, అలవాటు కొద్దీ. నేను చెప్పాలని. నేను చెప్పలేనని అప్పుడు తట్టినట్టుంది.

"గొంతు పోయేట్టుండాది నాయనా" అన్నాడు. "ఒంగోల్లో చెప్పినారు. మాట్లాడితే ఆపరేషనేనంట. చేసినా వస్తదో రాదో. ఉద్యోగం గూడ ఉండదేమో."

"నాకెవురు చెప్పినార్రా?" అన్నాడు మా మామ. "ఈ పిల్ల గూడ నాతో మాటలు మానుకుందనుకున్యా. నీ పక్కకు చేరిందనుకున్యా. గొంతు బాగలేదని రాసి చూపిస్తే, అది మాట్లాడకుండేదానికి సాకనుకున్యా. ఆ పొద్దు జీవాలు పాయె, ఈ పొద్దు దీని గొంతు. ఏదీ నాకు చెప్పరా మీరు?"

"నువ్వు నాతో మాట్లాడితే గదా చెప్పేది!"

"నువ్వు మాట్లాడినావంట్రా ఒక్క పొద్దన్నా?"

ఓరి దేవుడా, ఇద్దరూ అరుగు అదిరేటట్టు అరుచుకున్నారు. జీవాలు అమ్మిన సంగతి, అమ్మక ముందరి సంగతి, మా అత్త పోయిననాటి సంగతి, అన్నీ ఆ సాయంత్రమే బయటికొచ్చినాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసినారు. మా మామకు నేను సంగతి చెప్పినాననే మా ఆయన అనుకున్నాడు, ఎందుకంటే ఆయనకు ఏ సంగతైనా చెప్పేది నేనే. ఆ చెప్పే నోరే మూతపడిందని ఇద్దరికీ తోచలేదు. మా ఇంట్లో నోరు మూసుకున్నారంటే అలిగినారనే అర్థం. జబ్బు అనే అర్థం కూడా ఉండచ్చని ఎవరికి తెలుసు?

నేను అరుగు మెట్టు మీద కూర్చొని తోట వైపు వేలు చూపించినాను. పైపు. అప్పుడు గుర్తొచ్చి, ఇద్దరూ తిట్టుకుంటానే మోటారు ఆపేదానికి పోయినారు. మా మామ కట్టె ఊతంతో ముందర, మా ఆయన లైటు పట్టుకొని వెనక.

ఆ తర్వాత రోజులు ఎట్ల గడిచినాయో నాకే తెలుసు. ఆ అరుపుతో ఉన్నది కూడా పోగొట్టుకున్నానని భయం. పొద్దున లేచి, నీళ్ళు పుక్కిలించి, ఒక్క మాటన్నా అని చూద్దామనిపించేది, అనేదాన్ని కాదు. సెమిస్టర్ అయిపోవచ్చింది. హెచ్.ఓ.డి. సారు కొత్తవాళ్ళ ఇంటర్వ్యూలు పెట్టుకుంటున్నాడని స్టాఫ్ రూములో అనుకున్నారు. నన్ను చూసి మాట మార్చినారు. ఇంట్లో తండ్రీకొడుకులు మంచిగైపోయినారని అనుకోవద్దు. మాట్లాడుకున్నారంటే తగువులాడుకున్నారనే. ఎరువు దగ్గర తగువు, కోతకు పిలిచే కూలోళ్ళ దగ్గర తగువు. అప్పుడప్పుడు మా మామ మర్చిపోయి "వానికి చెప్పు" అనేవాడు. పగిలినదాని బదులు ఇంకో పలక తెచ్చుకున్నాను గానీ అది తీసేదాన్ని కాదు, వేలితో ఆయన కొడుకును చూపించేదాన్ని.

డాక్టరమ్మ రమ్మన్ననాడు తోటలో కాయ కోత. నేనొక్కదాన్నే ఒంగోలు పోయినాను. గొట్టం పెట్టి చూసినంతసేపు కళ్ళు మూసుకున్నాను. "ఆ అనండి" అనింది. అన్నాను. అది నా గొంతు కాదనిపించింది, ఎవరో పక్కగదిలోంచి అన్నట్టు సన్నగా, గరగరగా ఉంది. కానీ శబ్దమే. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. బొడిపెలు తగ్గినాయంట. పాత గొంతు మాత్రం రాదంట. మైకు లేకుండా పాఠం చెప్పొద్దు, ఇంట్లో ఊరికే వాడొద్దు, దాచుకొని వాడుకోవాల అని చెప్పి పంపింది. ఉద్యోగం నిలబడుతుందో లేదో, మైకు పెట్టిస్తారో లేదో ఇంకా తెలియదు. తిరుగు బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే, గొంతుందని తెలిసి కూడా సంచిలోంచి పలక తీసి ఊరి పేరు రాసి చూపించినాను.

ఇల్లు చేరేసరికి ఇద్దరూ అరుగు మీద ఉన్నారు. మిర్చి ఎక్కడ ఎండబెట్టాలని తగువు. "నీకేం తెలుసురా" అని ఈయన, "నీకు తెలిసిందేముండాది నాయనా" అని ఆయన. నన్ను చూసి ఇద్దరూ ఆగినారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పమంటారని నా చెయ్యి దానంతటదే సంచిలో పలక కోసం పోయింది.

"డాక్టరమ్మ ఏమనింది తల్లీ?" అన్నాడు మా మామ.

మా ఆయన కూడా నా మొహంలోకే చూస్తాండాడు. నేను ఎదురుచూసిన "వానికి చెప్పు" ఆ మాట వెనక రాలేదు. బొడిపెలు తగ్గినాయని, పాత గొంతు రాదని, మైకు కావాలని, అన్నీ చెప్పాలనుకొని బస్సులో వరసగా పెట్టుకున్నాను. నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"చానా అలిసిపోయినా మామా" అన్నాను.

ఆ గరగర గొంతు నాకే కొత్తగా వినపడింది. మా మామ అరుగు మీది మంచంలో పక్కకు జరిగి చోటిచ్చినాడు. కొడుకు వైపు తిరిగి, "పోరా, పోయి టీ పెట్టుకరాపో" అన్నాడు. మా ఆయన లేచి లోపలికి పోయినాడు. గిన్నె చప్పుడైంది. చక్కెర డబ్బా ఏడుండాదని లోపలినుంచి కేకేస్తే, పై అర మీద చూడరా అని మా మామే చెప్పినాడు. నేను కూర్చున్నాను. చీకటి పడేదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు.